పూసల పనికి కూడా పరీక్ష ఉంది, పద్దు ఉంది

(మహిళా పాల ఉత్పత్తిదారుల సహకార సంఘాల సభ్యుల శిక్షణ తరగతులలో ఒక సహకార ఇన్‌స్పెక్టరు చేసిన ప్రసంగ పాఠం)



పాడి పశువుల మేపు గురించి, ఈనిక తర్వాత జాగ్రత్తల గురించి డాక్టరుగారు ఉదయం వివరంగా చెప్పారు. దాని మీద మేము చెప్పవలసింది లేదు. ఈ తరగతులకు వచ్చే ముందు కొన్ని సంఘాల కార్యదర్శులు మమ్మల్ని ఒక ప్రశ్న అడిగారు. "మా ఊళ్ళో ఆడవాళ్ళు పాలిమర్ క్లేతో పూసలు, దుద్దులు చేస్తామంటున్నారు. సంఘం సొమ్ము కొంచెం పెట్టవచ్చునా?" అని. ఈ ప్రశ్నకు జవాబు ఒక్క మాటలో చెప్పవచ్చు గాని, ఆ పని ఏమిటో తెలియకుండా జవాబు చెబితే మీకు ఉపయోగం లేదు. మా ఇంట ఆడపిల్లలు కొంతకాలంగా ఈ పని చేస్తున్నారు. వాళ్ళ పక్కన కూర్చుని మేమూ చేతులు పెట్టాము. కనుక చూసిందే చెబుతున్నాము.

పేరులో క్లే అని ఉన్నా ఇందులో మట్టి అనేదే లేదు. మన ఇళ్ళలో నీళ్ళ గొట్టాలకు వాడే పి.వి.సి. ఉన్నదే, దాని పొడిలో మెత్తబరిచే నూనెవంటి ద్రవం, రంగులు, మరికొన్ని పొడులు కలిపిన ముద్ద ఇది. వేడి చేయనంతకాలం పూరీ పిండిలాగా మెత్తగానే ఉంటుంది, తగిన వేడి తగిలితే గట్టిపడి ఇక కరగదు. జర్మనీలో బొమ్మల తయారీకి పేరుపొందిన కేథే క్రూజె కుమార్తె ఈ రకం ముద్దను ప్రచారంలోకి తెచ్చింది. ఆమెను ఇంట్లో ఫిఫి అని పిలిచేవారు. ఆమె 1964లో దానిని ఎబర్‌హార్డ్ ఫేబర్ అనే కంపెనీకి అమ్మగా అది ఫిమో అన్న పేరుతో లోకమంతా పాకింది. అమెరికాలో స్కల్పీ అనేది మరో రకం. మన పట్టణాలలో చేతిపనుల సామాను అమ్మే దుకాణాలలో ఇప్పుడు ఇవి దొరుకుతున్నాయి.

ఒక జాగ్రత్త ఇక్కడే చెప్పాలి. అదే బల్ల మీద గాలికి ఆరే ముద్దలు కూడా పెట్టి అమ్ముతారు. చూపుకు రెండూ ఒకటే. గాలికి ఆరేది చాలావరకు నీటికి ఓర్చదు, చెమటకు పాడవుతుంది. కవరు మీద ఎన్ని డిగ్రీల వేడిలో కాల్చాలో అచ్చువేసి ఉంటేనే అది మనకు కావలసిన సరుకు. ఆ అంకె లేకపోతే కొనవద్దు.

పాలకూ పూసలకూ సంబంధం ఏమిటని నవ్వుతున్న అమ్మలకు ఒక మాట. ఒకప్పుడు పాలతోనే పూసలు చేసేవారు. 1897లో జర్మనీలో పాల విరుగుడు ముద్దను, అంటే కేసీనును, ఫార్మలిన్‌లో నానబెట్టి కొమ్ములాంటి గట్టి వస్తువును తయారుచేసి పేటెంటు తీసుకున్నారు. దానికి గాలలిత్ అని పేరు. గ్రీకు భాషలో గాలా అంటే పాలు, లిథోస్ అంటే రాయి, కనుక పాలరాయి అన్నమాట. మన చలువరాయి పాలరాయి వేరు, ఇది నిజంగా పాల నుండి పుట్టిన రాయి! దానితో బొత్తాలు, అల్లిక సూదులు, గొలుసుల పూసలు కోట్లకొలది చేశారు. మందమైన ముక్క గట్టిపడాలంటే వారాలు, నెలలు నానాలి. నీరు పీల్చుకునే గుణం కూడా దానికి ఉన్నది. రెండవ ప్రపంచ యుద్ధం తర్వాత పెట్రోలియం నుండి చవకైన ప్లాస్టిక్కులు రాగానే అది వెనుకబడింది. ఫార్మలిన్ ఎంత ఘాటైనదో నమూనా సీసాలు కడిగిన వారికి తెలుసు. ఇంట్లో ఆ ప్రయత్నం ఎవరూ చేయవద్దని మనవి.

ఇక పని విషయం. ముద్దను ముందు చేతితో బాగా పిసకాలి. పిసకని ముద్దతో చేసిన పూస కాలిన తర్వాత పగులుతుంది. తెలుపు, లేత రంగులు మొదట పట్టుకోవాలి, ముదురు రంగులు చివర, లేకపోతే వేళ్ళకంటిన ఎరుపు తెల్లపూస మీద కనబడుతుంది. అరచేతుల మధ్య గుండ్రంగా చుట్టి, కాసేపు ఆగనిచ్చి, సన్నని సూదితో అటునుంచి సగం, ఇటునుంచి సగం బెజ్జం వేయాలి. ఒక వైపునుంచే తోస్తే అవతలి అంచు చిట్లుతుంది.

రంగురంగుల పువ్వులు పూసమీద ఎలా వస్తాయని చాలామంది అడుగుతారు. కుంచెతో వేసేది కాదు అది. రంగు ముద్దలను పువ్వు ఆకారం వచ్చేటట్లు పొడవాటి కడ్డీగా పేర్చి, మెల్లగా నొక్కి సాగదీస్తారు. కడ్డీ సన్నబడిన కొద్దీ లోపలి పువ్వు కూడా అదే తీరుగా చిన్నదవుతుంది. పదునైన బ్లేడుతో బిళ్ళలు కోస్తే ప్రతి బిళ్ళలోనూ ఒకే పువ్వు. ఇటలీలో మురానో గాజు పనివారు చేసే పద్ధతే ఇది, ముద్ద పనివారు వారిదగ్గర తీసుకున్నారు. అంత దూరం పోనక్కరలేదు. తిరుపతి జిల్లా పాపానాయుడుపేట తరతరాలుగా గాజుపూసలకు పేరుపడిన ఊరు. కరిగిన గాజును బోలుగా ఉండే సన్నని గొట్టంలా లాగి, ముక్కలుగా కోసి, మళ్ళీ వేడిచేసి అంచులు నున్నగా చేయడం అక్కడి పద్ధతి. లాగేటప్పుడే బెజ్జం వచ్చేస్తుంది, సూదితో పనిలేదు. మేము ఆ పూసలు చూసినప్పుడు రంగు కన్నా వాటి పరిమాణాన్ని చూసి ఆశ్చర్యపోయాము. సరిగ్గా ఒక్క తీరు. కొనేవాడు అడిగేది అదే. మీరు చేసే పూసలు కూడా కంటి అందాజున కాక తూచి చేయండి. చిన్న తక్కెడ మీద ఒక్కొక్క ఉండ గ్రాము తూగితే సుమారు 10 మిల్లీమీటర్ల పూస వస్తుంది.

ఇప్పుడు అసలు సంగతికి వస్తున్నాము. కాల్చడంలోనే ఉంది మంచి చెడ్డలు. కంపెనీని బట్టి 110 నుండి 135 డిగ్రీల సెంటీగ్రేడు వరకు చెబుతారు. 6 మిల్లీమీటర్ల మందానికి అరగంట అని ఒక లెక్క. తక్కువ వేడిలో తీసిన పూస పైకి బాగానే ఉంటుంది, మెరుస్తుంది కూడా. నెల తిరగకుండా విరుగుతుంది. ఎక్కువ వేడి తగిలితే మాడుతుంది. మరీ మించితే పి.వి.సి. విడిపోయి హైడ్రోక్లోరిక్ ఆమ్లపు ఆవిరి వస్తుంది. కళ్ళు, గొంతు మండుతాయి. అటువంటప్పుడు వెంటనే స్విచ్చి ఆపి, తలుపులు తెరిచి, పిల్లలతో సహా బయటికి రావాలి. పొయ్యిమీద పెనంలో, బొగ్గుల కుంపటిలో ఈ పని చేయరాదు, మైక్రోవేవులో అసలే చేయరాదు. చిన్న కరెంటు ఓవెను ఒకటి దీనికే కేటాయించాలి. రొట్టెలు చేసే ఓవెనులో వద్దు. సంఘం ప్రయోగశాలలో ఉన్న ఓవెను వాడుకుంటామని ఒకచోట అన్నారు, అది మరీ వద్దు.

ఓవెను మీద ఉన్న ముల్లును నమ్మవద్దు. పది పదిహేను డిగ్రీలు తేడా చూపించడం మామూలు. విడిగా ఒక ఉష్ణమాపకం కొని లోపల పెట్టండి. గెర్బర్ పరీక్షలో పాలు 10.75 మిల్లీలీటర్లు తీసుకోమంటే ఎవరైనా పదకొండు పోసి ఊరుకుంటారా? వెన్న శాతం తప్పు వస్తే సభ్యురాలు బల్ల గుద్ది అడుగుతుంది. పూసకు అడిగేవారు లేరు, కొన్న మనిషి మళ్ళీ రాదు, అంతే.

కనుక మేము చెప్పేది ఏమంటే, పాలకు నమూనా తీసినట్లే ప్రతి విడత పూసలకూ ఒక నమూనా ఉండాలి. అదే ముద్దతో రెండు మిల్లీమీటర్ల మందంలో వేలెడు పొడుగు పట్టీ చేసి పూసల పక్కనే కాల్చండి. పూర్తిగా చల్లారిన తర్వాత వంచండి. బాగా కాలినదైతే వంగి తిరిగి వస్తుంది. పుటుక్కున విరిగితే ఆ విడత మొత్తం మళ్ళీ ఓవెనులో పెట్టండి. ఈ సరుకులో ఉన్న సుగుణం ఇదే, మరోసారి కాల్చినా పాడు కాదు. మధ్యలో కరెంటు పోయినా కంగారు లేదు, వచ్చాక మొదటినుంచి కాల్చుకోవచ్చు. పాలు విరిగితే ఆ అవకాశం లేదు గదా!

ఎండ విషయం కూడా మరువరాదు. పచ్చి ముద్ద వేడికి మెల్లగా గట్టిపడుతుంది. రెంటచింతల వంటి చోట మే నెలలో రేకుల గదిలో పెడితే దానంతటదే పాడవుతుంది. కుండ పక్కన చల్లని చోట ఉంచండి. కొన్ని రకాల గట్టి ప్లాస్టిక్ డబ్బాలను ఈ ముద్ద కరిగించి అంటుకుపోతుంది, గాజు సీసా మేలు. ఇంకొక మాట, ముద్ద పిసికిన చేతులతో పొదుగు ముట్టవద్దు. కొంచెం కొబ్బరినూనె రాసి తుడిచి, ఆపైన సబ్బుతో కడుక్కుంటే జిడ్డు పోతుంది.

ఇక పద్దు. లెక్క కోసం 57 గ్రాముల ముద్ద 200 రూపాయలు అనుకుందాము. మీ ఊరి ధర వేసుకుని మీరు తిరిగి కట్టండి. గ్రాము పూసలు 45 గుచ్చితే మెడకు ఒక మాల. వ్యర్థంతో కలిపి 50 గ్రాములు, సుమారు 175 రూపాయలు. దారం, కొక్కెం 25. కరెంటు, డబ్బా 15. మొత్తం 215. మాల 300కు అమ్మితే 85 మిగిలిందని సంతోషిస్తాము. దుకాణదారు నూటికి 20 తీసుకుంటే 60 పోయి మిగిలేది 25. చుట్టడం, బెజ్జం, ఉప్పుకాగితంతో నీళ్ళలో రుద్దడం, గుడ్డతో మెరుగు, పూసకు నాలుగు నిమిషాలు వేసినా మూడు గంటలు. మూడు గంటలకు పాతిక రూపాయలు! ఆ మూడు గంటలు పచ్చిగడ్డి కోసుకొస్తే గేదె ఎక్కువ ఇస్తుంది.

అదే జత దుద్దులు చూడండి. రెండూ కలిసి 8 గ్రాములు, 28 రూపాయలు. కొక్కేలు 12, కరెంటు, డబ్బా 10. మొత్తం 50. ధర 150, దుకాణదారుకు 30. మిగిలేది 70, పట్టే కాలం ముప్పావు గంట. ఈ ముద్దకు ఉన్న గొప్ప బలువు లేకపోవడం, పెద్ద దుద్దు పెట్టుకున్నా చెవి సాగదు. ఆ గుణానికి డబ్బిచ్చేది దుద్దులు కొనేవారే. మాలలే చేయాలనుకుంటే పూస మొత్తం కొత్త ముద్దతో చేయవద్దు. మిగిలిన రంగుల తుక్కును కలిపి లోపలి ఉండ చేసి, పైన పువ్వు బిళ్ళలు పలుచగా అతికించండి. పెద్ద పూసలకు లోపల అల్యూమినియం కాగితం ఉండగా నొక్కి పెట్టినా సరే. ఖర్చు బాగా తగ్గుతుంది.

ఇప్పుడు కార్యదర్శులు అడిగిన ప్రశ్న. మేము తనిఖీ చేసిన ఒక సంఘంలో ముద్ద, ఓవెను కొనడానికి నగదు పుస్తకంలో అడ్వాన్సు అని రాసి సొమ్ము ఇచ్చారు. ఎవరూ తినలేదు, కొన్న సామాను కళ్ళెదుటే ఉంది. అయినా అభ్యంతరం రాయవలసి వచ్చింది. అది పాల బిల్లుల కోసం ఉన్న సొమ్ము. ఆ పక్షం బిల్లులు తొమ్మిది రోజులు ఆలస్యమైనాయి, పూసలతో సంబంధం లేని సభ్యురాలు దాణా కొట్టులో అప్పు చెప్పుకోవలసి వచ్చింది. సంఘం 1964 చట్టం కింద రిజిస్టరైనా, 1995 పరస్పర సహాయక సహకార సంఘాల చట్టం కింద రిజిస్టరైనా, నిబంధనావళిలో రాసుకున్న ఉద్దేశాలకే దాని సొమ్ము. మీ నిబంధనావళిలో పూసల ప్రసక్తి లేదు. పాలకవర్గం తీర్మానం చేసినంత మాత్రాన రాదు. చేయదలచిన పదిమంది తమ బోనసులోంచో, పొదుపు సంఘం అప్పులోంచో తలా కొంత వేసుకుని వేరే పుస్తకం పెట్టుకోండి. అందులో కొన్న గ్రాములు, కాల్చిన విడతలు, వంచి చూసిన పట్టీ ఫలితం, అమ్మకం, ఎవరి చేతి గంటలు ఎన్ని, ఇవన్నీ రాయాలి. సంఘం పేరు డబ్బా మీద అచ్చువేయడం కూడా వద్దు. ఆ పేరు పాలకు సంపాదించుకున్నది.

అక్కడ కిటికీ దగ్గర బల్లమీద మూడు పట్టీలు పెట్టాము. ఒకటి 90 డిగ్రీలలో, ఒకటి 130లో కాల్చినవి, మూడవది మాడినది. చూపుకు మొదటి రెండింటికీ తేడా లేదు. వెళ్ళేటప్పుడు ఒక్కొక్కరు వంచి చూడండి. విరిగితే విరగనివ్వండి, ఇంకా తెచ్చాము. సాయంకాలం పాలవేళకు బస్సు అందాలి కనుక ప్రశ్నలు ఉన్నవారు ఇప్పుడే అడగవచ్చు.