పెరటిలో అడవి పుదీనా



అడవి పుదీనా యన్నంతనే కొండకు పోయి తేవలసిన మొక్క యని తలంపవలదు. ఉత్తరప్రదేశ్‌లోని బారాబంకీ పొలములందు తైలమునకై పండించుచున్నది ఈ జాతినే. తలనొప్పి మందులలోని చల్లదనము దీనిదే. తోటపుదీనాకు కొమ్మకొసను కంకివలె పూలు పూయును. దీనికి ఆకుల మొదళ్లయందు గుత్తులుగా పూయును.

ఏ పుదీనాకైనను విత్తులకై వెదకుట వృథా శ్రమ. విత్తుమొక్కకు తల్లి వాసన రాకపోవచ్చును. ఆకు దూసి పారవేయు కాడయే నారు. కణుపు మునుగునట్లు నీటనుంచిన కొలదిదినములలో వేళ్లు పుట్టును. ఇరుగుపొరుగున కిచ్చిన కాడను గ్రంథాలయపు పుస్తకమువలె తిరిగి అడుగనక్కరలేదు!

మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల పెరళ్లలో నూతిగట్టు ప్రక్క దీనికి తగిన చోటు. అచట చెమ్మ ఆరదు. కాని నీరు నిలిచిన వేరు కుళ్లును. మన్ను కొంత ఎత్తు చేయవలెను. వేసవిలో మధ్యాహ్నపు నీడయు కావలెను.

మెత్తగా కనిపించినను ఇది గడుసు మొక్క. నేలలోపల తీగలు సాగించి బచ్చలిపాదును, మిరపమడిని కమ్మివేయును. పెరడు పాడైనదని పిదప దానిని తిట్టి ఏమి లాభము? అడుగు ఊడిన కుండను, అంచు రెండంగుళములు పైకుండునట్లు పాతి, అందు నాటవలెను.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను ఉద్దానపు కొబ్బరి, జీడి తోటలను నేలకూల్చినది. కొబ్బరి మరల కాపునకు వచ్చుటకు ఏండ్లు పట్టును. ఆ నష్టముతో పెరటి ఆకును పోల్చరాదు. అయినను పుదీనాకు వేరుముక్క మిగిలిన చాలును, కొన్ని వారములలో పచ్చడికి ఆకు అందును. కుండీలోని మొక్కనైతే తుపాను హెచ్చరిక వినగానే వసారాలోనికి జరుపవచ్చును.