ఇల్లూడ్చు యంత్రము – దాని సంరక్షణ

ఉప్పుగూడలోని మా ఇల్లు పాతది. నేలకు షాబాదు బండలు పరచియున్నవి. తలుపు తెరచినంతనే వీధిదుమ్ము లోనికి వచ్చును. నాయనమ్మకు నడుము వంచుట కష్టమైనందున నిరుడు మేమొక రోబో వాక్యూమ్ క్లీనరును కొంటిమి. ఆరు మాసములు అది చక్కగా ఊడ్చినది. పిమ్మట గది నడుమ ఆగిపోసాగినది. చెడిపోయినదని తలచి దానిని మూలకు చేర్చితిమి. నాయనమ్మ మరల చీపురు చేపట్టవలసి వచ్చినది.

ఒకనాడు దానిని తలక్రిందులు చేసి చూచితిమి. బ్రష్షు ఇరుసునకు తలవెండ్రుకలును, చీరల దారపుపోగులును త్రాటివలె బిగిసియున్నవి. లోపము యంత్రమునది కాదు, మాది.

గాలిని పీల్చి దుమ్ము తీయు యంత్రమును 1901లో ఇంగ్లండునందు హ్యూబర్ట్ సిసిల్ బూత్ నిర్మించెను. అది గుఱ్ఱపుబండిపై వీధిలో నిలిచియుండగా, గొట్టములు కిటికీలగుండ ఇంటిలోనికి పోయెడివి. తనంత తాను తిరుగు యంత్రములలో ఎలక్ట్రోలక్స్ వారి ట్రైలోబైట్ 2001లోను, ఐరోబోట్ వారి రూంబా 2002లోను అంగడికి వచ్చినవి. రూపము మారినను సూత్రమొక్కటే: గాలి పోవు త్రోవ తెరపిగా నున్నంతవరకే దుమ్ము లోనికి పోవును.

మే మిప్పుడు అనుసరించు పద్ధతి యిది. దుమ్ముడబ్బాను ఊడ్చిన ప్రతిసారియు ఖాళీ చేయుదుము. ఆదివారమునాడు మీట ఆర్పి, యంత్రమును మెత్తని గుడ్డపై బోర్లించి, బ్రష్షును ఊడదీసి, చుట్టుకొన్న వెండ్రుకలను కత్తెరతో మెల్లగా తీసివేయుదుము. ముందరి చిన్న చక్రమునందును అవి దాగియుండును. ఫిల్టరును తట్టి దుమ్ము రాల్చుదుము. కడుగవచ్చునని యంత్రముతో వచ్చిన పుస్తకమున నున్నచో నీటితో కడిగి, 24 గంటలు ఆరనిత్తుము. తడి ఫిల్టరు మోటారునకు చేటు. అడుగున నున్న సెన్సార్లను పొడిగుడ్డతో తుడుచుదుము. వానిపై దుమ్ము పేరుకొన్నచో యంత్రము చదునైన నేలను గోతిగా భ్రమించి కదలక నిలుచును. చార్జింగు తీసుకొను లోహపు బిళ్ళలను గూడ తుడువవలెను.

మన యిండ్లకు ప్రత్యేకమైన జాగ్రత్తలు కొన్ని కలవు. ముగ్గుపిండి, అగరువత్తి బూడిద, బోనాల నాటి పసుపు కుంకుమలు మిక్కిలి సన్నని పొడులు. ఫిల్టరును త్వరగా పూడ్చివేయును. వానిని ముందుగా తడిగుడ్డతో ఎత్తివేయుట మేలు. సాంబ్రాణి నిప్పు రాలినచోటను, నీళ్ళు చిలికిన బండలపైనను యంత్రమును వదలరాదు. బ్యాటరీ ఉబ్బినచో చార్జింగు పెట్టక, చెత్తలో పారవేయక, ఎలక్ట్రానిక్ వ్యర్థములు సేకరించువారికి అప్పగింపవలెను.

వారమునకు పావుగంట చాలును. ఆ పావుగంట తప్పినచో శ్రమ మరల వృద్ధురాలి నడుముపైననే పడును. కావుననే ఆదివారము వచ్చినంతనే నాయనమ్మ మమ్ము అడుగుచుండును: "దాని తల దువ్విన్రా, లేదా?"