విత్తనానికి దాచిన గింజలు
(రాళ్లపల్లి అనంతకృష్ణశర్మ స్మారకోపన్యాసం)



అనంతపురంలో నిలబడి రాళ్లపల్లి అనంతకృష్ణశర్మగారి గురించి ఉపన్యసించాలంటే బెరుకుగానే ఉంది. 1928లో ఆయన ఇదే ఊళ్లో వేమన మీద వరసగా ఉపన్యాసాలిచ్చారు. పుస్తకంగా వచ్చిన ఆ మాటలను వేమన మీద పనిచేసేవాళ్లు ఇప్పటికీ వెతుక్కుని చదువుతారు. అలాంటి చోట నాకున్న అర్హత ఒక్కటే: చాలా ఏళ్లుగా పిల్లలకు సరళీ వరసలు చెప్పుకుంటూ బతుకుతున్నాను. అందుకని ఆయనలోని పండితుణ్ణి, విమర్శకుణ్ణి పెద్దలకు వదిలేసి, పాట చెప్పిన అయ్యవారి గురించే నాలుగు మాటలు చెబుతాను.

శర్మగారు 1893 జనవరి 23న మన కంబదూరు దగ్గరి రాళ్లపల్లిలో పుట్టారు. తండ్రి కృష్ణమాచార్యులుగారి దగ్గర సంస్కృతం, తల్లి అలమేలుమంగమ్మగారి దగ్గర పాట నేర్చుకున్నారు. ఆ తల్లి పేరు గుర్తుపెట్టుకోండి, మళ్లీ దాని దగ్గరికే వస్తాను. ఏడాదికి 550 మిల్లీమీటర్ల వాన పడితే గొప్ప అనుకునే సీమ మనది. ఇక్కడ సంగీతం ఏ దర్బారులోనో మొదలుకాలేదు, ఇంట్లో అమ్మ గొంతులో మొదలైంది. అది తెలిసిన మనిషి కాబట్టే, తర్వాత మైసూరు విద్వాంసుల మధ్య ఎంతకాలం మెలిగినా, మాట అర్థమయ్యేలా పాడటం ఆయనకు చిన్నతనంగా అనిపించలేదు.

మైసూరులో పరకాల మఠం స్వామివారి దగ్గర సంస్కృతం చదువుకుంటున్న ఈ కుర్రవాణ్ణి కట్టమంచి రామలింగారెడ్డిగారు గుర్తించారు. 1912లో మహారాజా కళాశాలలో తెలుగు పండితుడి ఉద్యోగం వచ్చింది. 1949 దాకా అదే కొలువు. చౌడయ్యగారికి వయొలిన్ నేర్పిన బిడారం కృష్ణప్పగారి దగ్గరే ఈయనా పాట నేర్చుకున్నారు. చూడండి, జీతం తెలుగుకు, జీవితం పాటకు. తెలుగు పాఠం చెప్పి చెప్పి పదునెక్కిన చెవితో పాట విన్నారాయన. ఆ చెవి విలువ తిరుపతిలో తెలిసింది.

తిరుమల సంకీర్తన భాండారంలో అన్నమయ్య పాటలు చెక్కిన రాగిరేకులు దొరికిన సంగతి మీకందరికీ తెలుసు. వాటి మీద గొప్పగా పనిచేసిన వేటూరి ప్రభాకరశాస్త్రిగారు 1950లో కన్నుమూశారు. ఆ తర్వాత ఆ పాటల సంపుటాల పరిష్కరణను ముందుకు నడిపినవారు శర్మగారు. రేకు మీద రాగం పేరు ఉంది, పల్లవి ఉంది, చరణాలు ఉన్నాయి. స్వరం లేదు. భజన గోష్ఠుల్లో మిగిలిన కొన్ని పాటలు తప్ప, తక్కినవి ఎలా పాడేవారో చెప్పే నోరు లేదు. సామంతం, దేసాక్షి వంటి పేర్లు కనిపిస్తాయి గానీ, ఐదు వందల ఏళ్లలో రాగం నడక ఎంత మారిందో రేకు చెప్పదు. వేల పాటల్లోంచి ఏరి, నూటికి పైగా పాటలకు ఆయన వరసలు కట్టి, స్వరపరిచి రాసిపెట్టారు.

ఆ పనిలో నేర్పు ఎక్కడుందో చూపించడానికి మా ఇంటి వరండాలో జరిగిన ఒక ముచ్చట చెబుతాను. ఒకసారి ఒక పాప పాడుతోంది. గొంతు బంగారం. శ్రుతి తప్పలేదు, తాళం తప్పలేదు. చరణంలో అమ్మవారి పేరు వచ్చేచోట ‘అలమే’ అని ఆపి, నిండుగా ఊపిరి తీసుకుని, ‘లుమంగ’ అంది. నేను అడిగాను: “లుమంగ ఎవరమ్మా? మీ వీధిలో ఉంటుందా?” వరండా అంతా నవ్వింది, పాప కూడా నవ్వింది. తర్వాత పుస్తకం తెరిచి తన స్వరాల కింద ఉన్న అక్షరాలను వేలితో తడుముకుంది. ఆవర్తం ఎక్కడ ముగుస్తుందో, మాట ఎక్కడ ముగుస్తుందో రెండూ చూసుకుంది. ఊపిరిని ఒక అక్షరం ముందుకు జరిపింది. పేరు అతుక్కుంది.

ఆ పాప ఆ పూట దిద్దుకున్నదాన్నే శర్మగారు పాట కట్టేటప్పుడే చూసుకున్నారు. ఎనిమిది దెబ్బల తాళంలో మాటను పరిచేటప్పుడు రాగం అందం కోసం మాటను విరగ్గొట్టడం తేలిక. విరగకుండా రాగాన్ని దాని చుట్టూ తిప్పడం కష్టం. దానికి స్వరజ్ఞానం ఒక్కటే చాలదు. సమాసం ఎక్కడ విడుతుందో, యతి ఎక్కడ పడిందో, ఏ మాట మీద కవి మనసు నిలిచిందో తెలియాలి. మహారాజా కళాశాలలో చెప్పిన తెలుగు పాఠం తిరుపతిలో ఇలా పాటైంది.

ఇక శిష్యుల సంగతి. ఆయన ఎదుట చాప మీద కూర్చుని నేర్చుకున్నవాళ్లు ధన్యులు. మనం కూర్చోలేదు. అయినా ఆయన స్వరలిపి ముందేసుకుని పాడే ప్రతివాళ్లూ ఆయన శిష్యులే అని నా నమ్మకం. మన పల్లెల్లో పాతకాలపు రైతు జొన్నలను పాతరలో పోసేవాడు. మంచి కంకులు మాత్రం విడిగా ఏరి దూలానికి వేలాడదీసేవాడు. కరువొచ్చి పాతర అడుగంటినా, పిల్లలు ఆకలని ఏడ్చినా, ఆ కంకుల మీద చెయ్యి పడేది కాదు. అవి తినడానికి కాదు, విత్తడానికి. కచేరీలో పాడిన పాట ఆ పూట తిన్న తిండి. స్వరపరిచి రాసిపెట్టిన పాట దూలానికి కట్టిన కంకి. మనం ఎవరమో ఆయనకు తెలియదు. మన కోసమే కట్టిపెట్టారు.

1974లో మద్రాసు సంగీత అకాడమీ ఆయనకు సంగీత కళానిధి బిరుదు ఇచ్చింది. 1979 మార్చి 11న తిరుమల తిరుపతి దేవస్థానం ఆస్థాన విద్వాంసుడిగా సత్కారం అందుకున్న రోజే ఆయన వెళ్లిపోయారు.

స్మారకం అంటే పటానికి దండ వేసి ఇళ్లకు పోవడం కాదు. అందుకే రెండు కోరికలు కోరుతున్నాను. మొదటిది పాడేవాళ్లకు: అన్నమయ్య పాట అని చెప్పి ఊరుకోవద్దు, వరస ఎవరిదో కూడా సభకు చెప్పండి. వాగ్గేయకారుడి పేరు నిలిచి, వరస కట్టినవాళ్ల పేరు మాసిపోవడం మన దగ్గర మామూలైపోయింది. రెండోది నేర్పేవాళ్లకు, అంటే నాకూ: మన గురువులు నోటితో ఇచ్చినదాన్ని రాసిపెడదాం. ఇంట్లో అవ్వ పాడే మంగళహారతి అయినా సరే, రేపటికి వాయిదా వేయవద్దు. వరస తెలిసిన నోరు మూతపడితే ఎంత పని మిగులుతుందో ఆ రాగిరేకులు చూపించాయి కదా.

నేను దిగాక ఇక్కడ పాట నేర్చుకుంటున్న పిల్లలు శర్మగారు స్వరపరిచిన పాట ఒకటి పాడతారు. పిల్లలూ, భయపడకండి. తాళం కాస్త అటూ ఇటూ అయినా పెద్దలు సర్దుకుంటారు. ఊపిరి ఎక్కడ తీసుకోవాలో మాత్రం చూసుకోండి. మధ్యలో శర్మగారి అమ్మ పేరు వస్తుంది.