ఆట చూపించేవాళ్ళే జట్టుకి యజమానులైతే

పోయినసారి ఇదే సమయంలో ఆవకాయ గురించి చెప్పినావిడకి వచ్చినన్ని ఫోన్లు నాకు రావని ముందే తెలుసు. ఎందుకంటే ఇవాళ నేను ఎత్తుకున్నది వీడియో గేముల సంగతి. "పిల్లల్ని పాడుచేసే ఆ గోల మనకెందుకండీ" అని రేడియో కట్టేయకండి. నేను చెప్పబోయేది ఆటల గురించి కన్నా ఒప్పందాల గురించి. సియాటిల్ దగ్గర ఐటీ కన్సల్టెంటుగా పని చేస్తున్నాను కాబట్టి కాంట్రాక్టులు చదవడం నాకు నిత్యకృత్యం. ఆ చదివే అలవాటే నన్నీ విషయంలోకి లాగింది.

ముందుగా పెద్దవాళ్ళ కోసం రెండు ముక్కలు. ఈస్పోర్ట్స్ అంటే కంప్యూటర్ ఆటల్ని జట్లు కట్టి, ఆటగాళ్ళకి జీతాలిచ్చి, స్టేడియంలో జనం ముందు ఆడించడం. టికెట్ కొనుక్కుని వచ్చేవాళ్ళు వేలల్లో ఉంటే, ఇంట్లో కూర్చుని ఇంటర్నెట్‌లో చూసేవాళ్ళు లక్షల్లో ఉంటారు. 2025లో రియాద్‌లో జరిగిన ఈస్పోర్ట్స్ వరల్డ్ కప్‌లో చదరంగాన్ని కూడా చేర్చారు. మన వరంగల్ కుర్రాడు అర్జున్ ఎరిగైసి అక్కడ ఆడింది జెన్.జి అనే ఈస్పోర్ట్స్ జట్టు చొక్కా వేసుకుని. కాబట్టి ఇది మన గుమ్మం దాకా రాని వ్యవహారమేమీ కాదు.

ఇక అసలు కథ. 2007లో జస్టిన్ కాన్ అనే కుర్రాడు టోపీకి కెమెరా తగిలించుకుని తన రోజువారీ జీవితాన్ని ఇంటర్నెట్‌లో ప్రసారం చేయడం మొదలుపెట్టాడు. చూసేవాళ్ళు ఉంటారా అని అందరూ నవ్వారు. ఉన్నారు. ఆ సైట్లోనే కొందరు తాము ఆడే ఆటలు చూపించసాగారు. దానికే జనం ఎగబడటంతో 2011లో ఆటల కోసమే ట్విచ్ అని ఒకటి వేరుగా పెట్టారు. 2014 ఆగస్టులో మా ఊరి అమెజాన్ ఆ ట్విచ్‌ని సుమారు 97 కోట్ల డాలర్లకి కొనేసింది. అక్కడిదాకా అందరికీ తెలిసిన వార్తే. నాలుగు నెలలు తిరిగేసరికి, డిసెంబరులో, ట్విచ్ వాళ్ళు గుడ్‌గేమ్ అనే ఏజెన్సీని కొన్నారు. ఆ ఏజెన్సీ చేతిలో రెండు పేరున్న జట్లున్నాయి: అమెరికాలో ఈవిల్ జీనియసెస్, స్వీడన్‌లో అలయన్స్. గేదెని కొంటే దూడ కూడా వెంట వచ్చినట్టు, ఆ రెండు జట్లూ ట్విచ్ చేతికొచ్చాయి.

ఆ దూడలు మామూలువి కావు. డోటా 2 అనే ఆటకి ఏటా ది ఇంటర్నేషనల్ అని పెద్ద పోటీ జరుగుతుంది. ఆట తయారుచేసే వాల్వ్ కంపెనీ మా పక్కనే బెల్వ్యూలో ఉంది కాబట్టి అప్పట్లో పోటీ సియాటిల్లోనే పెట్టేవారు. 2013లో అలయన్స్ గెలిచింది. 2015 ఆగస్టులో కీ అరీనాలో ఈవిల్ జీనియసెస్ గెలిచి 66 లక్షల డాలర్ల బహుమతి పట్టుకెళ్ళింది. ఆ జట్టులో సుమాయిల్ హసన్ అనే కుర్రాడు కరాచీ నుంచి అమెరికా వచ్చినవాడు. అప్పటికి వాడి వయసు పదహారు. అన్నట్టు, ఆ కీ అరీనా పేరు ఇప్పుడు క్లైమేట్ ప్లెడ్జ్ అరీనా. పేరు పెట్టే హక్కు 2020లో కొనుక్కున్నది ఎవరనుకుంటున్నారు? అమెజానే.

అంటే 2015లో పరిస్థితి ఇదీ. ఆట చూడాలంటే జనం వెళ్ళేది ట్విచ్‌కి. ఆడుతున్న జట్టూ ట్విచ్‌దే. మొదటి పేజీలో ఏ ఆటగాణ్ణి చూపించాలో నిర్ణయించేది ట్విచ్. మిగతా జట్లు ప్రసారానికి బేరమాడాల్సిందీ ట్విచ్‌తోనే.

మనకిది కొత్తా అంటే, కాదు. డెక్కన్ ఛార్జర్స్ డెక్కన్ క్రానికల్ పత్రిక వాళ్ళ జట్టు. 2009లో జొహాన్నెస్‌బర్గ్‌లో ఐపీఎల్ కప్పు గెలిచినప్పుడు మనవాళ్ళంతా గంతులేశారు, దక్షిణాఫ్రికాలో వింటున్నవాళ్ళకి ఇంకా బాగా గుర్తుండాలి. 2012లో ఆ పత్రిక అప్పుల్లో పడింది, జట్టూ పోయింది. దాని స్థానంలో హైదరాబాదు జట్టుని సన్ టీవీ వాళ్ళు ఏడాదికి 85 కోట్ల రూపాయల చొప్పున పాడుకున్నారు. మనం జెమినీలో సినిమాలు చూసే సన్ టీవీయే. ఇంకా దగ్గర పోలిక కావాలంటే ముంబై ఇండియన్స్ ఉండనే ఉంది. జట్టు రిలయన్స్‌ది. 2023 నుంచి 27 దాకా భారతదేశంలో ఐపీఎల్‌ని ఇంటర్నెట్‌లో చూపించే హక్కులు 2022 జూన్‌లో కొన్నదీ రిలయన్స్ చేతిలోని వయాకామ్18.

అయితే క్రికెట్లో ఒక చిన్న రక్షణ ఉంది. ఆటగాడి ధర నలుగురి ముందు వేలంలో తేలుతుంది. ముంబై వద్దంటే చెన్నై ఉంది, హైదరాబాదు ఉంది, పైన బోర్డు ఉంది. ఆ బోర్డు వ్యవహారాల మీద నాకు వేరే అభిప్రాయాలున్నాయి, అవి మరో రోజుకి. మొత్తానికి అడగడానికి ఒక చోటంటూ ఉంది. కంప్యూటర్ ఆటల్లో చాలాచోట్ల అదీ లేదు. చాలావరకు ఆట ఎవరు తయారుచేస్తే రూలు వాళ్ళది, ఒప్పందం జట్టుకీ పిల్లవాడికీ మధ్య.

మన ఐటీ భాషలో చెప్తాను, ఇట్టే అర్థమవుతుంది. మనకి క్లయింటు ఉంటాడు, వెండరుంటాడు, ఒక్కోసారి మధ్యలో ఇంకో ఇద్దరుంటారు. ఎవరెంత తింటున్నారో మనకి తెలియదు, తెలిస్తే నిద్ర పట్టదు. కానీ ఎంత తిట్టుకున్నా, క్లయింటు దగ్గర మన రేటు పెంచమని అడిగేది ఆ వెండరే. మన రేటు పెరిగితే వాడికీ నాలుగు డబ్బులు మిగులుతాయి కనక అడుగుతాడు. ఇప్పుడు ఆ క్లయింటే వెండరుని కొనేశాడనుకోండి. మీ తరఫున బేరమాడేదెవరు? కుడి జేబులోంచి తీసి ఎడం జేబులో వేసుకోవడానికి ఎవరైనా బేరమాడతారా? ఈస్పోర్ట్స్ ఆటగాడికి జట్టు వెండరైతే, ప్రసారం చేసే కంపెనీ పెద్ద క్లయింటు. వాడికి పేరొచ్చేది అక్కడే, రోజూ ఆడి చూపించేది అక్కడే. ఆ ఇద్దరూ ఒకటైతే వాడి పక్షాన నిలబడేవాడు ఒకడు తగ్గిపోతాడు. నా దృష్టిలో అసలు చిక్కు ఇదే. మ్యాచులు తారుమారు చేస్తారేమోనన్న భయం నాకు పెద్దగా లేదు.

ఇదంతా నేను పుస్తకాల్లో చదివి చెప్పడం లేదు. డల్లాస్ దగ్గర ఉండే మా అక్క ఒకరోజు ఫోన్ చేసి, "ఒరేయ్, వీడికేదో గేముల కంపెనీ కాంట్రాక్టు పంపింది. మీ బావగారు చదివితే బీపీ పెంచుకుంటారు గానీ, నువ్వోసారి చూడరా" అంది. వాడికి పదిహేడేళ్ళు. పద్నాలుగు పేజీల కాగితం. జీతం మొదటి పేజీలో పెద్ద అక్షరాల్లో బాగానే ఉంది. నెలకి ఇన్ని గంటలు ఫలానా సైట్లో ఆడి చూపించాలని ఆరో పేజీలో ఉంది. ఆ సైటు జట్టు యజమానికి అనుబంధ సంస్థ అని పదకొండో పేజీలో ఒక నిర్వచనంలో ఉంది. జట్టు వదిలేస్తే ఛానెలూ, దాన్ని చూసేవాళ్ళూ కంపెనీకే ఉండిపోతారని, ఆరు నెలలపాటు మరో సైట్లో కనబడకూడదని పన్నెండో పేజీలో ఉంది. విడివిడిగా చదివితే ఏదీ ఘోరంగా అనిపించదు. నాలుగూ కలిపి చదివితే, ఆ పిల్లవాడు రెండేళ్ళలో సంపాదించుకునే పేరంతా యజమాని గూట్లో పడుతుందని తెలుస్తుంది.

నేను వాడికి ఇదే చెప్పాను. వాడు ఊరుకునే రకం కాదు. "మామయ్యా, నువ్వు అన్నీ చెడ్డవే చెప్తావు. బిలిబిలీ జట్టుని చూడు" అన్నాడు. వాడి మాటలో నిజముంది, మీకూ చెప్పాలి. బిలిబిలీ షాంఘైలోని వీడియో కంపెనీ. 2017 డిసెంబరులో లీగ్ ఆఫ్ లెజెండ్స్ ఆడే ఒక జట్టుని కొని దానికి తన పేరే పెట్టుకుంది. రెండేళ్ళ తరవాత, ఆ ఆట ప్రపంచ పోటీల్ని చైనాలో చూపించే హక్కుల్ని మూడేళ్ళకి 80 కోట్ల యువాన్లు పోసి కొంది. మనవాళ్ళు అనుమానపడేది ఇలాంటి చోటే కదా? కానీ హక్కులు చేతిలో ఉన్న 2020, 21, 22 మూడేళ్ళూ బిలిబిలీ జట్టు ఆ పోటీకి అర్హతే సంపాదించలేకపోయింది. డబ్బు పెట్టిన కంపెనీ ఓర్పుగా పెడుతూ పోయింది, ఆటగాళ్ళు నెమ్మదిగా కుదిరారు. 2024 నవంబరు 2న లండన్ ఓ2 అరీనాలో ఫైనల్ దాకా వచ్చి కొరియా జట్టు టీ1 చేతిలో 3-2 తేడాతో ఓడిపోయారు. యూకేలో వింటున్న తల్లిదండ్రుల్లో కొందరు ఆ రోజు పిల్లల్ని దింపడానికి అక్కడికి వెళ్ళే ఉంటారు.

కాబట్టి కంపెనీ నడిపితే జట్టు నాశనమవుతుందని నేననను. సరదా తీరనంతకాలం, లెక్క కుదిరినంతకాలం బాగానే నడుస్తుంది. కుదరనప్పటి మాటేమిటన్నది కొరియా వాళ్ళని అడగాలి. స్ట్రీమింగ్ రాకముందే అక్కడ ఆటలకోసం టీవీ ఛానెళ్ళుండేవి. ఎంబీసీ గేమ్ అనే ఛానెలుకి స్టార్‌క్రాఫ్ట్ ఆడే హీరో అనే సొంత జట్టుండేది. 2011లో ఆ జట్టుని మూసేశారు. 2012 ఫిబ్రవరికల్లా ఛానెలే సంగీతం ఛానెలుగా మారిపోయింది. జట్టు బాగా ఆడలేదని కాదు, పైవాళ్ళకి ఆ వ్యాపారం మీద మనసు విరిగింది. మూతపడ్డ జట్ల పిల్లల్లో కొందరిని పోగుచేసి అక్కడి సంఘం వాళ్ళు ఇంకో జట్టు కట్టి ఆడించారు. అలాంటి సంఘం మన పిల్లలు ఆడేచోట ఉందా అన్నది వేరే ప్రశ్న.

మళ్ళీ మా సియాటిల్ దూడల దగ్గరికొస్తాను. 2016 డిసెంబరులో రెండు జట్లూ ట్విచ్ నుంచి బయటికొచ్చి ఆటగాళ్ళే భాగస్తులుగా స్వతంత్రమయ్యాయి. ఈవిల్ జీనియసెస్‌కి ఆ కప్పు గెలిపించిన నాయకుడు పీటర్ డేగరే సీఈఓ అయ్యాడు. ఇంతకన్నా మంచి ముగింపు సినిమాలో కూడా రాయరు. అయితే కథ అక్కడ ఆగలేదు. 2019లో షికాగోకి చెందిన పీక్6 అనే పెట్టుబడుల సంస్థ ఈవిల్ జీనియసెస్‌ని కొంది. 2023 ఆగస్టులో అదే పేరుతో ఆడిన పిల్లలు లాస్ ఏంజెలెస్‌లో వాలరంట్ అనే ఆటకి ప్రపంచ విజేతలయ్యారు. ఆ నవంబరులోనే జట్టు అమెరికాలోని లీగ్ ఆఫ్ లెజెండ్స్ లీగ్ నుంచి తప్పుకుంది. ఒక ఆటలో ప్రపంచ కప్పు, మూడు నెలలకి ఇంకో ఆటలో దుకాణం కట్టేయడం.

ట్విచ్ మాటకొస్తే, 2024 ఫిబ్రవరిలో కొరియాలో తన వ్యాపారం మూసేసింది. నెట్‌వర్క్ ఖర్చులు మిగతా దేశాలకన్నా పదిరెట్లు ఎక్కువన్నారు. లెక్కల ప్రకారం సరైన నిర్ణయమే అయ్యుండచ్చు. కానీ అక్కడ ఏళ్ళతరబడి ఛానెళ్ళు పెంచుకున్నవాళ్ళు రెండున్నర నెలల్లో మూటాముల్లె సర్దుకుని వేరే సైటుకి పోవాల్సొచ్చింది. తమ ఛానెలు తమదే కాబట్టి పేరుతో సహా వెళ్ళగలిగారు. మా మేనల్లుడికొచ్చిన పన్నెండో పేజీ మీద సంతకం పెట్టినవాడైతే అదీ కుదిరేది కాదు.

వాడి సంగతి అడుగుతారని తెలుసు. రెండు మార్పులు అడగమన్నాను: వెళ్ళేటప్పుడు ఛానెలు వాడితో పోవాలి, ఆరు నెలల నిషేధం తీసేయాలి. మొదటిదానికి ఒప్పుకున్నారు, రెండోదానికి ఒప్పుకోలేదు. అక్క ఒక లాయరుకి రెండొందల డాలర్లిచ్చి చూపించింది. ఆయనా ఆ పేజీ మీదే వేలు పెట్టాడు. వాడు ఇంకా సంతకం చేయలేదు. వారం రోజులు నాతో మాట్లాడలేదు గానీ, మొన్న ఫోన్ చేసి "మామయ్యా, మా ఫ్రెండు కాంట్రాక్టు కూడా చూస్తావా" అని అడిగాడు.

మీ ఇంట్లోకి ఇలాంటి కాగితం వస్తే జీతం అంకె తరవాత చూద్దురుగాని. ముందు జట్టు ఎవరిది, చూపించే సైటు ఎవరిది, ఆ రెండు పేర్లూ పైకి వెళితే ఒకే ఇంటికి చేరుతున్నాయా అని వెతకండి. అనుబంధ సంస్థలు అన్న మాట ఎక్కడ కనిపించినా పక్కన పెన్సిలుతో గీత పెట్టండి. ఛానెలు ఎవరి పేరున ఉంటుందో రాయించుకోండి. పిల్లవాణ్ణి కూడా పక్కన కూర్చోబెట్టుకుని చదవండి, ఆట సంగతి మనకన్నా వాడికే బాగా తెలుసు.

టైమైపోయిందని సైగ చేస్తున్నారు. ప్రశ్నలుంటే ఫోన్ చేయండి, ఇంకో పావుగంట ఇక్కడే ఉంటాను. ఆవకాయ ప్రశ్నలు మాత్రం పోయిన వారం ఆవిడకే. ఉంటాను, నమస్కారం.