తూటా మీది నమ్మకము

(నంద్యాల పఠనమందిరమునందును, పిమ్మట ఆళ్లగడ్డయందును చేసిన ఉపన్యాసము)



తూటాలనుగూర్చి నంద్యాలలో మాటలాడుట యేల యని మిత్రులు కొందఱు నన్నడిగిరి. విత్తనముల బేరము తెలిసిన యూరిలోగాక మఱెక్కడ మాటలాడవలెను? వరి విత్తనపు సంచి కొనువాడు అందలి ప్రతి గింజను పరీక్షింపజాలడు. మొలచునో మొలవదో చూచుటకు నానవేసిన గింజ మరల సంచిలోనికి రాదు. కావున ఆ లాటునుండి నాలుగువందల గింజలను తీసి మొలకెత్తించి, నూటికి ఎనుబదియైనను మొలచినచో తక్కిన రాశినంతటిని నమ్ముచున్నాము. లాటు సంఖ్యయు, పరీక్ష జరిగిన తేదియు సంచి చీటిమీద నుండవలెనని విత్తన చట్టపు నిబంధనలు చెప్పుచున్నవి. ఆళ్లగడ్డ శిల్పికి ఈ చిక్కు లేదు. రాతిని సుత్తితో తట్టి, మ్రోతను విని, లోని పగులును కనిపెట్టగలడు, రాయి చెడదు. తూటా విత్తనపు జాతిది. కాల్చిచూచిన తూటా యిక తూటా కాదు.

సిపాయి చేతికి వచ్చిన తూటాను ఎవ్వరును కాల్చి చూడలేదు. దాని తోడివానిని కొన్నిటిని ఎక్కడనో పరీక్షాస్థలమున కాల్చిరి, అంతే. ఎన్ని కాల్చిరి? ఎవ్వరు కాల్చిరి? చెడినవి కానవచ్చినప్పుడు లాటునంతటిని త్రోసివైచిరా, సరిదిద్ది మరల పంపిరా? వాని ప్రాణము ఈ ప్రశ్నలపై నున్నది. మందు పాళము తప్పిన గుండు గురి చేరదు. ఫ్యూజు చెడినది నేలబడియు ప్రేలదు. అన్నిటికన్న ఘోరము, ఫిరంగి గొట్టములోనే ప్రేలి తనవారినే చంపుట.

ఇది ఊహ కాదు. ప్రభుత్వ ఆర్డినెన్సు కర్మాగారములనుండి వచ్చు మందుగుండు నాణ్యము 2013 మార్చి తరువాత చెప్పుకోదగినంతగా బాగుపడలేదని కాగ్ 2017లో వ్రాసెను. చెడ్డ మందుగుండువలన 2014 మొదలు ఆఱేండ్లలో 960 కోట్ల రూపాయలు నష్టమైనవనియు, ఆ సొమ్ముతో 155 మిల్లీమీటర్ల ఫిరంగులు నూఱు కొనియుండవచ్చుననియు సైన్యపు అంతర్గత నివేదిక చెప్పినట్లు 2020 సెప్టెంబరులో పత్రికలు ప్రకటించెను. 2016 మే 31వ తేదిని తెల్లవాఱకముందే మహారాష్ట్రమందలి పుల్గావ్ మందుగుండు డిపోలో టాంకుల నెదిరించు మందుపాతరలు ప్రేలి, ఇరువురు సైన్యాధికారులును పలువురు అగ్నిమాపక సిబ్బందియు మరణించిరి. మంట నార్పబోయినవారు వారు.

ఎదుటి పక్షమును వినక తీర్పు చెప్పుట నా వృత్తికి తగదు. ఆర్డినెన్సు బోర్డువారు సైన్యపు లెక్కల నంగీకరింపలేదు. ప్రమాదములలో తమ లోపమువలన జరిగినవి అయిదవవంతునకు లోపేయనియు, ఫిరంగుల పోషణ, మందుగుండు నిలువ మొదలగు కారణములు పెక్కు గలవనియు వారి వాదము. నిజమే కావచ్చును, కాని నిర్ణయించుట యెట్లు? ప్రేలిన గుండు తన సాక్ష్యమును తానే నాశనము చేసికొనును. మిగులునది లాటు కాగిత మొక్కటే. ఆ కాగితము వ్రాయువా రెవ్వరు? తయారుచేయు కర్మాగారములును, పరీక్షించు డి.జి.క్యూ.ఏ. వారును ఒకే రక్షణోత్పత్తి శాఖ క్రింద నుండిరి. 2021 అక్టోబరు 1వ తేదిని బోర్డు రద్దై, మందుగుండు కర్మాగారములు పుణెయందలి మ్యునిషన్స్ ఇండియా లిమిటెడ్ వశమైనవి. 2024లో పరీక్షా విభాగమును పునర్వ్యవస్థీకరించిరి. పేర్లు మాఱినవి, శాఖ మాఱలేదు. వాదియు తీర్పరియు ఒకే యింటివారైన వ్యాజ్యములో ప్రతివాదికి ఏమి చెప్పి ధైర్యము కలిగింతుము?

చవుకదనమును గూర్చియు ఒకమాట. తూటా ధరను తగ్గింపబూనిన యజమానికి మొదట కనబడు వృథావ్యయము పరీక్షలో కాల్చు తూటాలే. అమెరికావంటి ధనిక దేశమే యీ పొదుపు చేసి చూచెను. రెండవ ప్రపంచ యుద్ధమునకు ముందు వారి పదునాల్గవ మార్కు టార్పెడో యొక్కొక్కటి సుమారు పదివేల డాలర్ల వెల గలది. అంత సొమ్మును ప్రేల్చి పాడుచేయుట యేల యని సరిగా పరీక్షింపనే లేదు. 1942 జూనులో ఆస్ట్రేలియా తీరమున చేపల వల కట్టి, దానిమీదికి విడిచి చూడగా, పెట్టిన లోతుకన్న సుమారు పది అడుగులు క్రిందుగా పోవుచున్నదని తేలెను. 1943 జూలైలో టినోసా యను జలాంతర్గామి ఒక్క జపాను ఓడమీదికి పదునైదు టార్పెడోలు విడువగా పదునొకండు ప్రేలలేదు. లోపమును దిద్దునప్పటికి యుద్ధమున దాదాపు రెండేండ్లు గడచెను. నావికులు మొదటినుండియు మొఱపెట్టుచునే యుండిరి. గురి తప్పినది మీరేయని కచేరీలవారు ప్రత్యుత్తర మిచ్చిరి.

మన పల్లెల యువకులును సైన్యమున చేరుచున్నారు. ఏటేట ఎన్ని లాట్లు పరీక్షలో తప్పినవి, వానిలో ఎన్నిటిని సరిదిద్ది మరల పంపిరి, ప్రమాద విచారణల ఫలిత మేమి యని మన పార్లమెంటు సభ్యులు సభలో నడుగవలెను. రహస్యమందురేని శాతములు చెప్పిన చాలును. వానినిబట్టి మన నిలువలెంతో శత్రువు తెలిసికొనజాలడు. పరీక్షాధికారులను రక్షణోత్పత్తి శాఖనుండి తప్పించి, మందుగుండును వాడు సైన్యమునకో, పార్లమెంటునకో జవాబుదారులను చేయవలెనని రెండవ కోరిక. విజ్ఞాపన ప్రతి ద్వారముకడ బల్లపై నున్నది. చదివి, సమ్మతమైనవారు చేవ్రాలు చేయుడు; సమ్మతి లేనివారు కారణమును ప్రక్కన వ్రాయుడు, దానినిగూడ పంపుదుము.