పక్షవాతము - వ్రేళ్లు చెప్పు సాక్ష్యము



పక్షవాతము సోకిన యింట మొదట వినవచ్చు ప్రశ్న ఒకటియే: “ఈ చేయి మరల వచ్చునా?” మెదడులోని రక్తనాళము పూడుకొనుట వలననో, చిట్లుట వలననో ఈ వ్యాధి సంభవించును. పూర్వము ఆ ప్రశ్నకు బంధువులు శకునములు చూచియు, వైద్యులు తమ యనుభవమును బట్టియు సమాధానము చెప్పుచుండిరి. నేడు కొంతవరకు కొలిచి చెప్పు మార్గ మేర్పడినది.

స్వీడను దేశమున ఫ్యూగల్-మేయరును, సహచరులును 1975లో పక్షవాత రోగుల చలనశక్తికి ఒక కొలతను కల్పించిరి. అందు చేతికి 66, కాలికి 34, వెరసి 100 గుణములు. ఆ కొలత సమగ్రమైనదే. కాని తొలి దినములలో భవిష్యత్తును సూచించుటకు ఇంకను సులభమైన పరీక్షలు రెండు కలవు. రోగి తన వ్రేళ్లను కొంచెమైనను చాపగలడా? చేతిని భుజము నుండి ప్రక్కకు ఎత్తగలడా? వీనికి యంత్రమక్కరలేదు.

నెదర్లాండ్సు పరిశోధకులు 188 మంది రోగులను పరిశీలించి 2010లో ఫలితములను ప్రకటించిరి. 72 గంటలలోపల ఈ రెండు కదలికలును కొంత కనబరచిన వారికి, ఆరు మాసములనాటికి వస్తువులను పట్టి విడుచు నేర్పు కొంతయైనను వచ్చు అవకాశము నూటికి 98. అవి లేనివారికి 25. తొమ్మిదవ దినమునకును రానిచో అది 14కు తగ్గినది. దీనికి కారణము లేకపోలేదు. వ్రేళ్లు చాచుటకు మెదడు నుండి వెన్నుపామునకు దిగు నాడీమార్గము ముఖ్యాధారము. వ్రేలు కదలినచో ఆ మార్గము పూర్తిగ తెగలేదని గ్రహింపవచ్చును.

అయితే 25 అను అంకెను చదువుటలో వివేకము కావలెను. డెబ్బదియైదుగురికి రాదని తలచి రోగిని మంచమునకు విడుచు కుటుంబము, నలుగురిలో ఒకనికి వచ్చునను మాట మరచినదన్నమాట. ఈ లెక్క సమూహమునకు చెందినది. మంచముపై నున్నవాడు ఏ పక్షమున చేరునో అది చెప్పజాలదు. చేతికి చెప్పిన ఫలితము నడకకును వర్తింపదు.

కావున మూతి వంకరపోయినను, మాట తడబడినను, చేయి వ్రాలినను, గంటయైనను జాగుచేయక ఆసుపత్రికి చేర్పవలెను. పిమ్మట వైద్యునిచే వ్రేళ్ల కదలికను పరీక్షింపజేసి, తేదీ వేసి పుస్తకమున వ్రాయించవలెను. మరల కొలిచి సరిచూడవలెను. నిన్న లేని కదలిక నేడు కనబడినచో, ఆ యొక్క పంక్తియే రోగికిని, సేవచేయు ఇల్లాలికిని మరునాటి సాధనకు బలమగును.