ఫోటోలో ముఖమున్నది, పేరెక్కడ?

(శతజయంతి సందర్భమున సంఘస్థుల కూటములో చేసిన ప్రసంగ పాఠము)



మన అధ్యక్ష మండలమునకు నూరేండ్లు నిండిన ఈ సమయమున గతమును తలంచుకొని దేవుని స్తుతించుచున్నాము. మండల చరిత్రను గూర్చియు, ఆసుపత్రుల, పాఠశాలల సేవను గూర్చియు పెద్దలు ఇదివరకే మాటలాడియున్నారు. ఫోటోలను సమకూర్చు పని చేపట్టిన మాకు అప్పగించిన అంశము వాటి ప్రక్కన చిన్నది. మన ఇండ్లలోను, గుడి బీరువాలలోను, సెల్‌ఫోనులలోను ఉన్న ఫోటోలను ఎట్లు క్రమపరచవలెను అనునదే ఆ అంశము. చిన్నదే గాని, మనవారి పేర్లు దీనిమీద ఆధారపడియున్నవి. కనుక కొంచెము ఓపికతో వినవలెనని మనవి.

పాత మిషను పత్రికలలోని ఫోటోలను మీలో అనేకులు చూచియుందురు. కుర్చీలో కూర్చున్న మిషనెరీ దొరగారి పేరు క్రింద పూర్తిగా అచ్చయి ఉండును. చుట్టూ నిలువబడినవారు మాత్రము “బైబిలు స్త్రీలు”, “ఉపదేశకులు”, “గ్రామ క్రైస్తవులు”. అంతటితో సరి. ఎండలో ఊరూర నడచి వాక్యము చెప్పినది వారే, రాత్రి బడులు నడిపినది వారే. ఈనాడు అమెరికాలో దక్షిణ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయము వారును, స్విట్జర్లాండులో బాసెల్ మిషను భండారము వారును మిషను ఫోటోలను ఎవరైనను చూచునట్లు ఇంటర్నెట్టులో ఉంచియున్నారు. ఇది ఎంతో మేలైన పని. అయినను ఫోటో తీసిననాడు వ్రాయని పేరును ఎంత గొప్ప భండారమైనను తరువాత కల్పించలేదు.

రోమీయులకు వ్రాసిన పత్రిక 16వ అధ్యాయమును తెరచి చూడుడి. అపొస్తలుడు ఎంతమందిని పేరు పేరున తలంచుకొనెనో గమనించుడి. ఫీబే ఉన్నది, ప్రిస్క అకులలు ఉన్నారు. ఆ పత్రికను చేతితో వ్రాసిపెట్టిన తెర్తియు పేరు సహితము ఉన్నది. సంఘము పేర్లను పోగొట్టుకొనదగినది కాదు.

ఇప్పుడు అసలు విషయమునకు వచ్చెదము. “మెటాడేటా” అను మాట విని భయపడనక్కరలేదు. మన బాప్తిస్మపు రిజిస్టరు అందరికి తెలిసినదే. తేది, పేరు, తలిదండ్రులు, నివాసము, బాప్తిస్మమిచ్చిన గురువుగారి సంతకము, ఇట్లు దానిలో గడులుండును. ఫోటో ఫైలు లోపల కూడ అటువంటి గడులే ఉన్నవి. 1995లో జపాను దేశపు పరిశ్రమల సంఘమొకటి “ఎగ్జిఫ్” అను ఏర్పాటు చేసినది. దానినిబట్టి కెమెరాయే తేదిని, గంటను, అనుమతి యిచ్చినచో స్థలమును సహితము ఫోటోలో వ్రాసివేయును. వార్తా సంస్థలవారు ఏర్పరచిన “ఐ.పి.టి.సి.” గడులు మరికొన్ని కలవు. వివరణ, ముఖ్య పదములు, ఫోటో తీసినవారి పేరు వాటిలో వ్రాయవచ్చును. మొదటి గడులను యంత్రము నింపును. రెండవ గడులను మనమే నింపవలెను. అవి ఖాళీగా ఉన్న ఫోటో వెనుక వ్రాత లేని అట్టవంటిది.

మొదట తేదిని గూర్చి. సెల్‌ఫోను ఫోటోకు తేది సరిగానే ఉండును. పాత కెమెరాలలో బ్యాటరీ అయిపోయి గడియారము మొదటికి పోయినచో తేదులన్నియు తప్పును. అప్పుడు ఒక్క ఫోటో తేది నిశ్చయముగా తెలిసిన చాలును. ఎన్ని దినముల తేడా ఉన్నదో లెక్కించి, ఆ వరుసలోని ఫోటోలన్నిటిని ఒకేసారి సవరించుటకు ప్రోగ్రాములు కలవు. స్కాను చేసిన ఫోటోల సంగతి వేరు. 1977 నవంబరు 19న దివిసీమను ముంచిన ఉప్పెన తరువాత జరిగిన సహాయక సేవను చూపు ఫోటో ఒకటి మనయొద్ద ఉన్నదనుకొనుడి. దానిని 2025లో స్కాను చేసినచో, ఆల్బము ప్రోగ్రాము దానిని 2025 క్రిందనే చేర్చును. యంత్రమునకు తెలిసినది స్కాను చేసిన దినమే గాని ఉప్పెన దినము కాదు. “తీసిన తేది” అను గడిలో మనము 1977 అని వ్రాయువరకు అది అట్లే ఉండును.

తేది తెలియని ఫోటోలో ఆనవాళ్లు వెదకవలెను. గుడి బోర్డుమీద దక్షిణ ఇండియా సంఘము అని ఉన్నచో అది 1947 సెప్టెంబరు 27న జరిగిన సంఘైక్యమునకు తరువాతి ఫోటో. బ్యానరుమీద “ఆంధ్ర రాష్ట్రము” అని ఉన్నచో అది 1953 అక్టోబరు 1కిని 1956 నవంబరు 1కిని నడుమ తీసినది కావచ్చును. వెనుక ఫోటో స్టూడియో ముద్రలో ఆరు అంకెల పిన్‌కోడు ఉన్నచో ఆ ముద్ర 1972 ఆగస్టు 15కు ముందుది కాదు. ఇంతచేసినను సంవత్సరము తేలనిచో, ఊహించి ఒక తేదిని వేయరాదు. “1953-1956 మధ్య” అని వివరణలో వ్రాసిన చాలును. తెలియని తేదికంటె తప్పు తేది ఎక్కువ హాని చేయును. దానిని ఎవరును మరల వెదకరు.

ఫైలు పేరులో సంవత్సరము, నెల, దినము, ఈ వరుసను పాటించవలెను. “1956-11-18 మందిర ప్రతిష్ఠ 01” అని వ్రాసినచో ఏ కంప్యూటరులోనైనను ఫోటోలు కాలక్రమమున తామే నిలుచును. దినము ముందు వ్రాసినచో జనవరులన్నియు, డిసెంబరులన్నియు కలగాపులగమగును.

ఇక యంత్రము తానే గుర్తులు వేయు సంగతి. నేటి ప్రోగ్రాములు ముఖమును అంకెలుగా మార్చి, ఒకదానికొకటి దగ్గరగా ఉన్న ముఖములను ఒక గుంపు చేయును. ఒక ముఖమునకు మనము పేరు చెప్పినచో, అదే ముఖమని తోచిన మిగిలిన ఫోటోలను అది ముందు పెట్టును. “డిజికామ్” అను ఉచిత ప్రోగ్రాము ఈ పనిని మన కంప్యూటరులోనే చేయును, ఫోటోలను బయటికి పంపనక్కరలేదు. దీనివలన నెలల పని దినములలో తీరును. ఇది దేవుడు మన కాలమునకు ఇచ్చిన సహాయమే.

అయితే యంత్రము సాక్షి కాదు, సహాయకుడు మాత్రమే. తెల్ల చీరలు కట్టి ముసుగు వేసికొని కన్ఫర్మేషనుకు నిలుచున్న ఆడపిల్లలను చూచి అది “పెండ్లి” అనవచ్చును. అక్కచెల్లెండ్రను ఒకరే అనుకొనును. మూడవ వరుసలో గోరంత కనబడు ముఖమును విడిచిపెట్టును. ఇంకొక సంగతి కూడ కలదు. జాయ్ బువొలామ్‌విని, టిమ్‌నిట్ గెబ్రూ అను ఇద్దరు స్త్రీలు 2018లో మూడు సంస్థల ప్రోగ్రాములను పరీక్షించిరి. ముఖమును చూచి పురుషుడో స్త్రీయో చెప్పుటలో తెల్లని పురుషుల విషయమున తప్పులు నూటికి 0.8కి మించలేదు. నల్లని స్త్రీల విషయమున 34.7 వరకు పోయినవి. అనగా పాత పత్రికలలో పేరులేక నిలువబడిన మన తల్లులవంటి వారినే, క్రొత్త యంత్రము కూడ సరిగా చూడలేకపోయినది. ఆ తరువాత ప్రోగ్రాములు కొంత బాగుపడినవి. అయినను యంత్రము వేసిన గుర్తును “యంత్రము చెప్పినది” అని వేరుగా ఉంచి, మనిషి చూచి ఒప్పుకొనిన తరువాతనే “నిర్ధారితము” అని వ్రాయవలెను.

ఆ చూచి ఒప్పుకొనవలసినవారు ఎవరు? మన పెద్దలు. 80 ఏండ్ల అవ్వ ఆ మూడవ వరుసను చూచి, “ఈమె మా మేనత్త, ఆ ప్రక్కది మాలో పాటలు నేర్పిన పంతులమ్మ” అని చెప్పును. ఆ అవ్వ ప్రభువునందు నిద్రించిన మరుసటి దినమున ఆ సంగతిని చెప్పగల ప్రోగ్రాము లోకములో లేదు. కనుకనే తొందర.

పేర్లు వ్రాయు విధమును కూడ ఏర్పరచుకొనవలెను. మనలో సుందరమ్మలు, దేవదానములు ఎందరో ఉన్నారు. ఇంటిపేరు, ఊరు, తండ్రి లేక భర్త పేరు కలిపి వ్రాయనిచో ఎవరు ఎవరో తేలదు. పెండ్లికి ముందటి ఇంటిపేరును, బాప్తిస్మమునకు ముందటి పేరును తెలిసినచో చేర్చవలెను. మేరమ్మ, మరియమ్మ అని ఒకే మనిషిని రెండు విధములుగా వ్రాయక, పాస్టరేటు అంతటికి ఒకే పట్టిక ఉంచుకొనవలెను. తెలుగులోనే వ్రాయవచ్చును. నేటి ప్రోగ్రాములలో తెలుగు చక్కగా నిలుచును, వెదకినచో దొరకును.

ఇక్కడ ఒక హెచ్చరిక. పేరు వ్రాయుట వేరు, దానిని లోకమంతటికి చాటుట వేరు. బడి రిజిస్టరులో ఒక పేరు, సంఘములో మరొక పేరు గలవారు మనలో కలరు. వారి బ్రదుకుతెరువునకు సంబంధించిన కారణములు దానికి ఉండవచ్చును. వారి అనుమతి లేక ఆ రెండు పేర్లను కలిపి ఎక్కడను ప్రకటింపరాదు. సండే స్కూలు పిల్లల ఫోటోలకు తలిదండ్రులను అడుగవలెను. ఇండ్లలో తీసిన ఫోటోలను బయటికి ఇచ్చునప్పుడు స్థలము గడిని తీసివేయుట మేలు.

భద్రపరచుటను గూర్చి మూడు మాటలు చాలును. మొదటిది, వాట్సాప్‌లో మామూలుగా పంపిన ఫోటోనుండి ఈ గడులు పోవును. మాకు పంపునప్పుడు డాక్యుమెంటుగా పంపుడి. రెండవది, పేర్లు ఫోటో ఫైలు లోపలనే ఉండవలెను గాని ఒక ప్రోగ్రాములో మాత్రమే ఉండరాదు. అనేకులు వాడిన పికాసా ప్రోగ్రామును గూగుల్ వారు 2016లో ఆపివేసిరి. ప్రోగ్రాము పోయినను ఫైలులో వ్రాసినది నిలుచును. మూడవది, మూడు ప్రతులు ఉంచవలెను. వాటిలో ఒకటి వేరే ఊరిలో ఉండవలెను. ఒకే బీరువాలోని మూడు డిస్కులు ఒకే వరదకు పోవును.

కావున ప్రతి పాస్టరేటుకు మా మనవి యిది. నెలకు ఒక ఆదివారము ఆరాధన తరువాత, ఇద్దరు యౌవనస్థులు ఒక ల్యాప్‌టాపుతో కూర్చుండవలెను. స్త్రీల మైత్రివారు పెద్దలను పిలుచుకొని రావలెను. నడువలేనివారి ఇంటికి వారే పోవలెను. ఫోటోను పెద్దదిగా చూపి, ఎడమనుండి కుడికి, వెనుక వరుసనుండి ముందుకు, ఒక్కొక్కరిని అడుగవలెను. చెప్పినవారి పేరును, చెప్పిన దినమును కూడ వ్రాయవలెను. గురువుగారి పేరుతో మొదలుపెట్టక, గంట కొట్టినవారి పేరు, దీపములు తుడిచినవారి పేరు, అంచున నిలువబడిన పిల్లవాని పేరు ముందు అడుగుడి. గురువుగారి పేరు ఎట్లును ఎక్కడో ఒకచోట దొరకును.

ద్విశతజయంతి జరుపుకొనువారు మన మనుమల మనుమలు. వారు ఈ ఫోటోలను తెరచినప్పుడు, “గ్రామ క్రైస్తవులు” అను మాట గాక, తమ పూర్వికుల పేర్లు కనబడవలెను. గొఱ్ఱెలను పేరు పెట్టి పిలుచు మన మంచి కాపరి ఈ చిన్న పనిని దీవించును గాక. ఆమేన్.